ఆదివారం కోడి

ఆసుపత్రి గది అద్దం తలుపుకి బయట గొళ్ళెం. లోపల జ్వరంతో రత్నం. రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరు. ఎంత బిగుసుకున్న నట్టునైనా విప్పే మనిషి, ఈ తలుపు ముందు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

తెనాలి నుంచి రాయపూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో నర్సుగా పనిచేసే భార్య సుశీల. పురిటికొచ్చిన కూతురు లిడియా, ఇంకా పేరైనా పెట్టని పసిగుడ్డు. ఈస్టరు దగ్గర పడింది. ఆ రోజు చర్చిలో మనవరాలికి పేరు పెట్టించాలని తాతగారి ఉబలాటం.

డాక్టర్ నీలిమ తెలుగుపిల్లే. ఇక్కడే పుట్టి పెరిగింది. అద్దం అవతల నుంచి అడిగింది.

"అంకుల్, సచ్ బోలియే, నిజం చెప్పండి. కోడిని ముట్టుకున్నారా, లేదా?"

"ముట్టుకుంటే ఏమవుతుందమ్మా?"

"మందులిస్తాం, తగ్గాక పంపేస్తాం. ముట్టుకోకుండా వచ్చిందంటేనే పరేషానీ. ఇది పక్షుల వైరస్. మన గొంతులో దానికి సరిగా పట్టు దొరకదు. కానీ మారుతూ ఉంటుంది. పట్టు దొరికిందా, ఇక కోడితో పనే లేదు. మనిషి నుంచి మనిషికే పాకుతుంది. అప్పుడు మీ ఇంట్లో అందరినీ తెచ్చి తలా ఒక గదిలో పెట్టాలి."

"పసిబిడ్డనీ?"

"తల్లి నుంచి విడదీసి. తప్పదు."

మరలు కలవని బోల్టుని కాస్త ఆకురాయితో రుద్దితే ఎలా ఎక్కి కూర్చుంటుందో రత్నానికి ఒకరు చెప్పాలా! ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాలకోసం గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కళ్ళముందు మెదిలింది.

"నేనే కోశానమ్మా," అన్నాడు. "ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. నాటుకోడి. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి, ముక్కలు కొట్టాను. అంతా ఈ చేతులే."

"ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోలేదుగా?"

"వండింది కూడా నేనే."

నీలిమ హమ్మయ్య అనుకుంది. "బచ్ గయే, అంకుల్! వాళ్ళని ఇంట్లోనే ఉండనిద్దాం."

ఆమె వెళ్ళగానే సుశీల ఫోను.

"ఏమండీ, ఏమన్నారు?"

"మిమ్మల్నెవరూ కదపరు. భయపడకు. బిడ్డేం చేస్తోంది?"

"పొద్దుట్నుంచీ నా ఒళ్ళోనే పడుకుంది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందండీ, అంతే."

రత్నం లేచాడు. తలుపు బాదబోయాడు. బాదితే ఏమని చెప్పాలి? చెయ్యి అద్దం మీదే ఆగిపోయింది.

ఈస్టరు ముందటి ఉపవాసాలు మొదలైన దగ్గర్నుంచి ఆ ఇంట్లోకి కోడి కాదుకదా గుడ్డైనా రాలేదు. వచ్చింది, సుశీల తన వార్డు నుంచి మోసుకొచ్చిన జ్వరమొక్కటే.