ఆదివారం వాన

శనివారం సాయంత్రం ముకేశ్ గేరు సైకిల్‌ను వంటింటి గుమ్మానికి ఎదురుగా తలకిందులుగా నిలబెట్టి, చెయిన్‌కు నూనె వేయడం మొదలుపెట్టాడు. పొయ్యి దగ్గరున్న వరదమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"రేపు కూడా పోతాండావా నాయనా?"

"పోవాల గదమ్మా. తిరుత్తణి అవతల కొండకు. సైకిళ్లు ఎక్కించుకోను దేవా వ్యాను అయిదున్నరకే మెయిన్ రోడ్డు మీదికొస్తాది."

తాలింపు మాడిన వాసన వచ్చాక గాని గరిటె కదల్లేదు.

రెండు నెలల కిందట పెద్దవాడు విజయకుమార్ పోయింది ఆ కొండకే. అమ్మ వద్దంటే, ఆమెను లేపకుండానే తెల్లవారుజామున బయల్దేరాడు. సగం దారిలో కాలం కాని కాలంలో వాన దిగింది. తడిసిన బండ మీద వెనక చక్రం జారింది. సైకిల్ దారి పక్కనే దొరికింది. విజయకుమార్ మాత్రం చాలా కింద దొరికాడు.

"ఆ పొద్దు నాకు మెలకువ వచ్చింటే ఆపేసుందును."

నెల రోజులపాటు వరదమ్మ నోట ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి రాలేదు. కంచం ముందు కూర్చునేది, లేచిపోయేది. మనిషి సగమైంది. అన్న పోయిన దుఃఖం ఒకటైతే, అమ్మ కూడా దక్కదేమోనన్న భయం ముకేశ్‌ను తినేసింది.

అలాంటి ఇంట్లో అతను మళ్లీ సైకిల్ తీశాడు. చుట్టాలు ఊరుకుంటారా? దుమ్మెత్తి పోశారు. పొన్నేరి పెద్దమ్మ అయితే మొహం మీదే అడిగేసింది, "నీది గుండేనా, బండరాయా?" అని. ముకేశ్ తల వంచుకుని అంతా విన్నాడు. సైకిల్ మాత్రం లోపల పెట్టలేదు.

సైకిల్ ముట్టుకోవద్దని వరదమ్మ అనలేదు. పెద్దవాడిని అలా అనే పోగొట్టుకుంది. చిన్నవాడి చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒక్క ఒట్టు వేయించుకుంది. నేల తడిగా ఉంటే సైకిల్ గడప దాటకూడదు.

చలి పోయి ఎండలు ముదిరే పంగుని నెలను నమ్మడానికి లేదు. పొద్దున మంచు, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ, సాయంత్రానికి ఎవరు పిలిచారో తెలియని మబ్బు. అందుకని ముకేశ్ మూడు కాలాలకూ సరిపడా సామాను హాల్లో చాప మీద పరిచాడు. పలచటి స్వెట్టరు, వాన కోటు, టోపీ, రెండు సీసాల నీళ్లు, గ్లూకోజు పొట్లం, అదనంగా ఒక ట్యూబు. రాళ్ల దారి కాబట్టి టైర్లలో కొంచెం గాలి తగ్గించాడు. బ్రేకులు రెండుసార్లు నొక్కి చూశాడు. వరదమ్మ గోడకు ఆనుకుని ప్రతి వస్తువునూ చూస్తూ కూర్చుంది.

"రేపు వాన లేదని ఫోన్లో చూపిస్తా ఉందిమా," అన్నాడు.

"ఫోనుకేం తెలుస్తాది? వస్తే వస్తాది."

"వస్తే పోనులే, కండిప్పా పోను. ఒట్టేసినా గదా."

తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం మోగేసరికి ముందు పంచ రేకుల మీద టపటపా చప్పుడు వినబడుతోంది. ముకేశ్ లేచి బట్టలు వేసుకున్నాడు, బూట్లు కట్టుకున్నాడు, హెల్మెట్ పెట్టుకుని తలుపు తీశాడు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. వాకిలంతా తడి.

వరదమ్మ చీర కుచ్చిళ్లు పిండుకుంటూ లోపలికి వచ్చింది. రొప్పుతోంది.

"వాన నాయనా. ఆరేసిన గుడ్డలు తీస్తా తీస్తా తడిసిపోతి."

"పోయిన ఆదివారమూ ఇంతే గదమ్మా."

"పంగుని గదా. దాని ఇష్టం."

ఆమె కళ్లు అతని చేతుల మీదే ఉన్నాయి. ఆ చేతులు హెల్మెట్ పట్టీ విప్పాక గాని ఆమె కొంగుతో తల తుడుచుకోలేదు.

ముకేశ్ ఫోను తీసి స్నేహితుడికి చేశాడు. "దేవా, మా ఇంటికాడ వాన పడతా ఉందిరా. నేను రాలేను. మీరు పోండి."

అవతల దేవా, "సరే మచ్చా. అమ్మను చూసుకో," అని పెట్టేశాడు.

కొండ మీదికని కట్టిన పులిహోర పొట్లం ఇద్దరూ ఇంట్లోనే విప్పుకున్నారు. వరదమ్మ రెండోసారి వడ్డించుకుంది. విజయకుమార్ చిన్నప్పుడు తిరువాలంగాడు స్టేషన్లో రైలుకు భయపడి తన చీరలో దూరిన సంగతి చెప్పి నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ తినింది. వారం మొత్తంలో ఆమె కడుపు నిండా తినేది ఆ ఒక్క పూటే.

"ఈ పొద్దు నాకు మెలకువ వచ్చింది నాయనా," అనింది ఉన్నట్టుండి.

"అవునుమా," అన్నాడు ముకేశ్.

కంచం కడిగి, ఆమె చాప మీద ఒరిగింది. చాలా రోజులకు నిద్ర పట్టిన మనిషిలా పడుకుంది.

ముకేశ్ అడుగుల చప్పుడు వినబడకుండా మిద్దె ఎక్కి, చీకటితోనే అమ్మ చెంబులు చెంబులుగా రేకుల మీద పోసి ఖాళీ చేసిన డ్రమ్మును వచ్చే ఆదివారానికి మళ్లీ నింపి పెట్టాడు.