సంతకం లేని గడి

నాటకశాల వెనక గుమ్మం దగ్గరున్న ఫోన్ పట్టుకుని ఓరిన్ రెండుసార్లు దగ్గాడు.

"లూథర్, క్వింబీని. ఇక్కడ కరెంటు పోయింది. ఈ మధ్యాహ్నం ఆట లేదు."

తెచ్చిపెట్టుకున్న గొంతు అచ్చం మేనేజరు క్వింబీదే, ఆ సిగరెట్ల దగ్గుతో సహా. అవతల లూథర్ వెనక ఎవరో దగ్గినట్టు వినిపించింది.

"సరే, పడుకుంటాను," అని లూథర్ బాసెట్ ఫోన్ పెట్టేశాడు.

చుట్టూ ఎవరూ లేరని ఓరిన్ చూసుకున్నాడు. ఇది బయటపడితే న్యూయార్క్‌లో ఏ నాటకశాలా అతన్ని గడప తొక్కనివ్వదు. ముప్ఫై ఏళ్లుగా అతను బదులు నటుడు. పెద్ద నటుడు రాని రోజున ఆ వేషం కట్టాలి. బాసెట్ రాని రోజంటూ ఉంటేగా! సినిమాల్లో నాలుగుసార్లు కనిపించాడు, నాలుగుసార్లూ తలుపు తీసే నౌకరే. ఇన్నాళ్లూ టోపీలు కుట్టి ఇల్లు నడిపిన విల్లా, భర్తని పెద్ద వేషంలో ఒక్కసారైనా చూడలేదు. ఆమె వారం మించి బతకదన్నారు. ఆసుపత్రి వాళ్లు ఇవాళ ఒక్క పూటకే పంపారు.

నిన్న సిగ్గు విడిచి అందరి ముందూ బాసెట్‌ని బతిమాలాడు.

"పద్నాలుగేళ్లలో ఒక్క ఆట మానలేదోయ్. మీ ఆవిడ కోసం మానాలా?" అన్నాడాయన మొహానికి రంగు పూసుకుంటూ. "అయినా నా కోటు నీకు గోనెసంచిలా వేలాడుతుంది."

పైగా ఆవిడ సీటేదని కూడా అడిగాడు. అదీ వెక్కిరింతే అనుకుని, మొదటి వరస చివరిదని చెప్పి ఓరిన్ తల దించుకున్నాడు.

గోడమీది హాజరు కాగితంలో బాసెట్ గడి ఖాళీగానే ఉంది. తెర లేవడానికి అరగంట ముందు దాకా అందులో సంతకం పడకపోతే వేషం బదులు నటుడిదే. అప్పుడే భోజనం చేసి దగ్గుకుంటూ వచ్చిన క్వింబీ, ఆ గడి చూశాడు, గడియారం చూశాడు. బాసెట్‌కి ఫోన్ చేస్తాడేమోనని ఓరిన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నిలబడ్డావేం? వెళ్లి కోటేసుకో," అన్నాడు క్వింబీ.

నడుం దగ్గర ఎవరో లోపలికి పట్టి కుట్టినట్టు కోటు సరిగ్గా సరిపోయింది. ఆ గాభరాలో అతనికి అది పట్టలేదు.

తెర లేచింది. ఓరిన్ కళ్లు మొదటి వరస చివరికి పరిగెత్తాయి. దుప్పటి కప్పుకుని విల్లా చక్రాల కుర్చీలో నవ్వుతోంది.

ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నది బాసెట్.