ఎడమచేతి సీతమ్మ

"ఏటండీ, సీతమ్మ ఎడంసేత్తో సూపిస్తాదేటి లేడిని?"

భార్య అడిగినా ఆదిశేషు కుంచె కడగడం ఆపలేదు. "సేతిలోన ఏటుంది పద్మా? కొండలు సూడు, జలపాతం సూడు. పాతకాలం పద్ధతి. అడివి పెద్దగా, దేవుళ్ళు సిన్నగా ఉండాల."

రాయగడ రైల్వే కాలనీ రామమందిరానికి శ్రీరామనవమికల్లా ఇస్తానన్న పంచవటి బొమ్మ అది. ఆయన ఉద్యోగం సిగ్నళ్ళ దగ్గర, ప్రాణం రంగుల్లో. వెలుగు బాగుంటుందని బొమ్మను పడకగదిలో బీరువా అద్దానికి ఎదురుగా పెట్టుకున్నాడు.

పద్మకుమారి కళ్ళకు కొండలు ఆనలేదు. జానెడు సీతమ్మ కట్టిన నిమ్మపండు రంగు చీర తనది. నిన్న బీరువాలో దాని మడత మారి ఉంది. కొంగు మీద రంగు మరక.

పక్కింటి సుధ వచ్చి చూసి నవ్వింది. "పంచవటని సెప్పి మాచ్‌ఖండ్ జలపాతం గీసేసేరేటి అన్నియ్యా! సీతమ్మ కొంగుతో మొకం దాసుకుందేటి?"

"ఎండమ్మా, ఎండ."

"బుజాలు మాత్రం గట్టివే. వాలీబాల్ ఆడే మనిషిలాగున్నాది."

పద్మకుమారి ఒళ్ళు భగ్గుమంది. కాలనీ బడిలో ఆటల టీచరు శాంతిప్రియ. ఎడమచేతి వాటం. మొన్న దారిలో ఆపి మరీ, "బొమ్మ ఎంతవరకు వచ్చిందండీ?" అని ఈయన్ని అడిగింది కూడా.

ఇక ఆ బొమ్మలో తెలియనిదేముంది? లేడి పేరు చెప్పి ఇంట్లో మనిషిని బయటికి పంపే కథ అది.

మర్నాడు పొద్దున్నే ఆదిశేషు సంచి అందించాడు. "సంతకెళ్ళిరా పద్మా. నెమ్మదిగా రా, తొందరేటీ లేదు."

"అలాగే."

సంచి అడుగున రెండు చీరలు పెట్టుకుంది. అనుమానం నిజమైతే అట్నుంచటే పార్వతీపురం, పుట్టింటికి. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. లోపల గడియ వేసి ఉంది. పడకగది కిటికీ చాటున నిలబడింది.

"ఇంకాస్త వొంగు..." భర్త గొంతు. "సెయ్యెత్తు... ఆఁ, అలాగే."

తెర జరిపింది. బీరువా అద్దంలో నిమ్మపండు రంగు చీర. ముఖానికి అడ్డంగా కొంగు. ఎత్తిన ఎడమచెయ్యి.

పద్మకుమారి చేతిలో సంచి జారింది. ఆ చప్పుడుకి కొంగూ జారింది.

అద్దంలో సీతమ్మకి మీసం ఉంది.