పద్నాలుగో పాఠం

"మామయ్యా, ఇది లిఫ్టు కాదు. గుద్దితే కదలదు."

మేనకోడలు నవ్వుతూ కంప్యూటర్ మీంచి ఆయన చేయి తీసేసింది.

లిఫ్టు మెకానిక్‌గా రిటైరైన మనిషి ఆయన. చేతులు కట్టుకుని పక్కన కూర్చున్నాడు.

ఆమె ఆ పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా మార్చి, పోయిన అత్తయ్య వీడియోలన్నీ అందులోకి ఎక్కించింది. మిషను లేకుండా చేత్తో చొక్కా కుట్టడం ఎలాగో చెప్పే పాఠాలవి. మొత్తం నలభై.

"ఇక ఈ లింకు తెలిసినవాళ్ళు ఎక్కడి నుంచైనా చూడొచ్చు."

"చూస్తున్నారని నాకెలా తెలుస్తుందే?"

"ఇదిగో, ఎంతమంది చూస్తుంటే ఆ కాసేపూ ఇక్కడ అంత అంకె పడుతుంది. ఎన్నో పాఠమో, ఎన్నో నిమిషమో కూడా కనబడుతుంది. మనిషి ఎవరన్నది మాత్రం చెప్పదు."

"ఎవరైతే నాకేం. మీ అత్తయ్య చేతిపని ఒక్కళ్ళకి అబ్బినా చాలు. పోయేముందు అదొక్కటే అడిగింది."

మేనకోడలు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

ఆయన లింకును, కింద తన పేరును పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, మెట్ల పక్క గోడకు అంటించాడు. అయిదో రోజున ఎవరో దాన్ని పీకేశారు.

"ఇష్టం లేకపోతే చదవడం మానెయ్యాలి. పీకడం దేనికి?" అన్నాడు. వినడానికి గోడ తప్ప ఎవరూ లేరు.

తెర మీద సున్నా అలాగే ఉంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండింటికి ఒకటి పడింది.

భోజనం చేస్తున్నవాడల్లా ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత రోజూ రెండింటికి అదే ఒకటి. ఆ వేళకు ఆయన తల దువ్వుకుని, ఇంటికి చుట్టం వస్తున్నట్టు తెర ముందు కూర్చునేవాడు.

పద్నాలుగో పాఠం దగ్గర బండి ఆగింది. కాలరు తిప్పే పాఠం అది. చూసే మనిషి అందులో ఒక రెండు నిమిషాలే వెనక్కి తిప్పి తిప్పి చూస్తున్నారు. నాలుగు రోజులు అదే వరస.

ఆయన కంగారుగా ఫోన్ చేశాడు.

"అక్కడ మీ అత్తయ్య గొంతు సరిగ్గా వినబడటం లేదే. వెనకాల ఫ్యాను రొద."

"పోనీలే మామయ్యా."

"పోనిస్తే ఆ మనిషి పోతారే! ఉన్నదే ఒక్కరు!"

రొద తీసేసే పద్ధతి ఆమె ఫోన్లోనే నేర్పింది. ఆయన చెవులు రిక్కించి మాట మాటా శుభ్రం చేయడం మొదలుపెట్టాడు.

పైవాటావిడ పని సాగనిస్తేగా! కొత్తగా దిగింది. ఒంటరి మనిషి. తలుపు దడేల్మని వేస్తుంది, బల్ల బరబరా ఈడుస్తుంది.

"ఏమమ్మా, కాస్త నెమ్మదిగా ఉండలేవా?" మెట్ల మీద వెనక నుంచి అడిగాడు.

ఆమె తిరిగి చూడలేదు.

మర్నాడు గట్టిగా కేకేశాడు. మలుపు దగ్గర ఆయన్ని చూసి, చక్కగా నవ్వి వెళ్ళిపోయింది.

"పైగా నవ్వొకటి!"

నేరుగా ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళాడు. "ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చండి."

"పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్న మిమ్మల్ని వదులుకుంటానా? నేను చెప్తాలెండి."

పది రోజుల్లో పైవాటా ఖాళీ అయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆయన పని పూర్తిచేసి, కొత్త వీడియో ఎక్కించి, తల దువ్వుకుని కూర్చున్నాడు.

రెండయింది. సున్నా.

మర్నాడూ సున్నాయే.

మూడో రోజు ఓనరు ఒక పొట్లం పట్టుకొచ్చాడు.

"పైవాటావిడ వెళుతూ మీకిమ్మంది. మర్చేపోయాను."

"నాకా? పిలిస్తే పలకని మనిషి నాకేం ఇస్తుంది?"

"ఎలా పలుకుతుందండీ? ఆవిడకి పుట్టుకతోనే వినబడదు. ఖాళీ చెయ్యమని నేనూ కాగితం మీదే రాసి చూపించాను."

ఆయన పొట్లం అందుకున్నాడు.

"ఎక్కడికెళ్ళింది?"

"అడగలేదండీ."

పొట్లంలో తెల్ల చొక్కా ఉంది. చేత్తో కుట్టిన సన్నటి కుట్లు. కాలరు నున్నగా తిరిగింది.

తొడుక్కున్నాడు. భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది. పాఠాలన్నిట్లో భార్య బట్ట మీద సుద్దతో రాసిన కొలతలు ఆయనవే.

జేబులో ఏదో తగిలింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మెట్ల దగ్గర ఆయన అంటించినదే.

మూడు వారాలు కూర్చుని ఆయన శుభ్రం చేసిన ఆ గొంతును ఒక్కసారైనా వినకుండా, ఆ చేతులను మాత్రమే చూస్తూ పని నేర్చుకున్న ఒకే ఒక్క శిష్యురాలు మెట్లు దిగి వెళ్ళిపోయింది.