ఎదురింటి పెట్టెలో అమ్మ పాట

ఎవరి సర్వర్ పెట్టె వాళ్లే వంటింట్లో పెట్టుకుని నడుపుకునే కాలం అది. ఇంటి ఫొటోలు, కబుర్లు, పాటలు అన్నీ అందులోనే. పెరుగుకు తోడు ఇచ్చిపుచ్చుకున్నట్టు, ఒక ఇంటివి ఇంకో ఇంటి పెట్టెలోనూ దాచుకునేవారు. ఇళ్ల మధ్య సంబంధం తెంచుకుంటే మాత్రం అలా దాచినవి తుడిచేసేవారు.

ఒక పొద్దున మంగతాయారు పొయ్యి మీది పప్పు పొంగి పెట్టె మీద పడింది, పెట్టె ఆగిపోయింది. ఆమె తల్లి పాడిన లాలిపాట అందులోనే ఉంది. సాయంత్రం ఆ పాటతోనే మనవరాలిని ఉయ్యాలలో వేయాలి.

“మనకెందుకీ తద్దినం అత్తయ్యా, అన్నీ ఏదైనా కంపెనీకి అప్పజెప్పేద్దాం,” అంది కోడలు.

“వాడు మా అమ్మ పాట మధ్యలో సబ్బులమ్ముతాడే,” అని మంగతాయారు కొంగు దోపుకుని ఎదురింటికి నడిచింది.

ఎదురింటి జైనాబీతో కిందటివారమే కుళాయి దగ్గర పోట్లాడి, తానే సంబంధం తెంచేసింది. అయినా ఆ పాట ఇంకెక్కడైనా ఉంటే జైనాబీ పెట్టెలోనే ఉండాలి, అడక్క తప్పదు.

“ఏం వదినా, ఆ రోజు తిట్లేమన్నా మిగిలిపోయాయా?” అంది జైనాబీ వెల్లుల్లి వలుస్తూ.

“మా అమ్మ పాట తుడిచేశావా?”

“తిట్టింది నువ్వు. మీ అమ్మ నన్నేమంది?”

ఆ చేత్తోనే జైనాబీ మీట నొక్కింది. పాట వచ్చింది.

మంగతాయారు కళ్లొత్తుకుంది. “సాయంత్రం నీ పెట్టె ఎత్తుకుని నువ్వే రా. మాది బాగయ్యేదాకా మనం పోట్లాడుకోవద్దు.”