లిఫ్టులు ఆగిన గంటలు

"ఆ కుర్చీ మా వాళ్లది. కొంచెం లేస్తారా?"

కంపెనీ ఐటీ హెడ్ ఆవిడ. ఆ మాట అనగానే కుర్చీలో ఉన్న తెల్లజుట్టు పెద్దాయన లేచి, గోడ పక్కన నిలబడ్డాడు.

లిఫ్టులు బిగించి, పాడైతే బాగుచేసే కంపెనీ అది. ఫిర్యాదులు తీసుకునే ఆ గదిలో పొద్దుటి నుంచీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

"ఎవరాయన?" అని ఫోన్ల దగ్గరున్న అమ్మాయిని మెల్లగా అడిగింది.

"తెలీదు మేడం. నిన్న కూడా వచ్చారు. లిఫ్ట్ పాడై తిరుగుతున్నారనుకుంటా."

ఇంకా ఆరా తీసే తీరిక ఆవిడకు లేదు. ఆవిడ విభాగాన్ని మూసేసి, ఆ పనంతా ఒక బయటి కంపెనీకి అప్పగించాలని చైర్మన్ చూస్తున్నాడు.

"కంప్యూటర్ల వల్ల మనకు ఒరిగిందేమిటో మూడు నెలల్లో చెప్పమ్మా. చెప్పలేకపోతే వాళ్లకిచ్చేద్దాం" అనేశాడు.

ఇరవై రెండు మంది ఉద్యోగాలు ఆవిడ చెప్పబోయే జవాబు మీద వేలాడుతున్నాయి.

"ఏడాది మొత్తమ్మీద మన సిస్టం ఎంతసేపు ఆగింది?" అని అమ్మాయిని అడిగింది.

"నలభై నిమిషాలే మేడం."

ఆవిడ ప్రాణం కుదుటపడింది. "ఇది చాలు. ఇదే చెబుతాను."

"లిఫ్టులు ఎన్ని గంటలు ఆగాయమ్మా?"

అడిగింది గోడ పక్కనున్న పెద్దాయన.

"అది సర్వీసు వాళ్లు చూసుకుంటారండీ. మా పని కాదు."

"అలాగా" అన్నాడాయన. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే ఆవిడకు ఇంకా గుచ్చుకుంది.

"ఎక్కడ ఆగిందో చెప్పండి, మనిషిని పంపిస్తాను."

"వెనక వీధిలో ఒకటి ఆగింది. ఆరంతస్తులు. మీరే రండి, చూద్దురుగాని."

పీడ వదులుతుందని వెళ్లింది.

నాలుగో అంతస్తుకే ఊపిరి అందలేదు. అక్కడ మెట్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పక్కన కొడుకు చెమటలు తుడుచుకుంటున్నాడు.

"వారానికి రెండుసార్లు అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలండీ. మూడు రోజులుగా లిఫ్ట్ లేదు. నేనూ మా బావా కుర్చీలో కూర్చోబెట్టి మోస్తున్నాం."

ముసలావిడ ఐటీ హెడ్ మెడలోని కార్డు చూసింది.

"లిఫ్ట్ కంపెనీ అమ్మాయివా? ఆయాసపడుతున్నావు, కూర్చో తల్లీ" అంటూ పక్కకు జరిగింది.

తిట్టినా ఐటీ హెడ్ అంత బాధపడేది కాదు.

ఇంతలో పైనుంచి మెకానిక్ దిగాడు. "లిఫ్టును నడిపించే బోర్డు పోయింది మేడం. రేపు తెచ్చి వేస్తాను."

"వచ్చేటప్పుడే తెచ్చుకోవచ్చుగా?"

"నా ఫోన్లో 'లిఫ్ట్ ఆగింది' అని ఒక్క ముక్కే వస్తుంది. ఏం పోయిందో ఇక్కడికొచ్చి చూడాలి. అది ఉందో లేదో స్టోరుకెళ్లి చూడాలి. పోయినేడు కూడా ఇదే బోర్డు పోయిందట, వాచ్‌మన్ చెప్పాడు."

పోయినేటి సంగతి ఆవిడ కంప్యూటర్లలో ఉంది. స్టోరులో ఏముందో ఉంది. మెకానిక్ ఎక్కడున్నాడో కూడా ఉంది. మూడూ మూడు చోట్ల, ఒకదాని మొహం ఒకటి చూడకుండా ఉన్నాయి.

ఆవిడ ముసలావిడ పక్కన కూర్చుండిపోయింది.

తేరుకుని చూసేసరికి పెద్దాయన కిందికి దిగి వెళ్లిపోయాడు. మర్నాడు ఆఫీసుకూ రాలేదు. వాకబు చేస్తే, ఆ బిల్డింగులో అలాంటి మనిషెవరూ ఉండరన్నారు.

ఆ వారం ఆవిడ తన వాళ్లలో సగం మందిని మెకానిక్‌ల వెంట పంపింది.

"ప్రోగ్రాములు రాసేవాళ్లం, మాకు మెట్లెందుకు మేడం?"

"ఎక్కండి, తెలుస్తుంది."

మోకాళ్లు పట్టుకుని తిరిగొచ్చారు. ఒక్కొక్కరి దగ్గరా చెప్పడానికి పది సంగతులున్నాయి. ఆ మర్నాటి నుంచే మూడింటినీ కలిపే పనిలో పడ్డారు. నెల తిరిగింది. ఇప్పుడు ఫిర్యాదు రాగానే, ఏ భాగం పోయి ఉండొచ్చో, అది దగ్గర్లో ఏ స్టోరులో ఉందో మెకానిక్ ఫోన్లోకి వస్తోంది. అతను దాన్ని చంకన పెట్టుకునే మెట్లెక్కుతున్నాడు.

గడువు రోజు ఆవిడ ఒక్క కాగితంతో సమావేశానికి వెళ్లింది.

"పోయినేడు మా కంప్యూటర్లు ఆగింది నలభై నిమిషాలు. మన లిఫ్టులు ఆగింది లక్ష గంటల పైన. మనల్ని వదిలి వెళ్లిన కస్టమర్లు ఆ రెండో అంకె చూసి వెళ్లారు. అప్పుడు ఒక్కో లిఫ్ట్ బాగవడానికి ముప్ఫై గంటలు పట్టేది. పోయిన నెల ఐదు గంటలు పట్టింది."



ఆవిడతో ఎప్పుడూ పడని సర్వీసు మేనేజర్ లేచి నిలబడ్డాడు. "మనల్ని వదిలేసిన రెండు ఆసుపత్రులు నిన్న ఫోన్ చేశాయి సార్. మళ్లీ మన దగ్గరికే వస్తారట."

చప్పట్లు మొదలుపెట్టింది కూడా అతనే.

చైర్మన్ వాటిని ఆగనిచ్చి అన్నాడు. "ఇకనుంచి ఈ సమావేశానికి నువ్వు ప్రతిసారీ రావాలమ్మా. కంపెనీ ఎటు వెళ్లాలో నిర్ణయించేటప్పుడు నువ్వుండాలి."

బయట వరండాలో ఇరవై రెండు మందీ నిలబడి ఉన్నారు. తలుపు సందులోంచి ఆవిడ మొహం చూశారు. అంతే, ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు.

అందరూ వెళ్లాక ఆవిడ చైర్మన్ దగ్గర ఆగింది.

"ఇందులో నా గొప్పేం లేదు సార్. ఎవరో కస్టమర్, తెల్లజుట్టు పెద్దాయన, నా కళ్లు తెరిపించాడు. నేను కనీసం పేరు కూడా అడగలేదు."

చైర్మన్ నవ్వాడు. "ఆయన కస్టమర్ కాదు. నిన్ను మెట్లెక్కించిన సాయంత్రమే నా దగ్గరికొచ్చి, 'ఈ పని మాకొద్దు, లోటేమిటో ఆ అమ్మాయి కళ్లారా చూసింది, ఆవిడ చేతుల్లోనే ఉంచండి' అని చెప్పి వెళ్లాడు. నీతో అనొద్దన్నాడు."

"మాకొద్దు అనడానికి ఆయనెవరు సార్?"

"మీ అందర్నీ పంపించేసి ఎవరికి అప్పగిద్దామనుకున్నానో, ఆ కంపెనీ యజమాని."