గద్దింపు ముద్ద

ఆ పొద్దు మబ్బులు పడమటి నుంచి వచ్చినట్టే వచ్చి, ఒక్క చినుకైనా రాల్చకుండా ఊరు దాటిపోయాయి. అవి దాటిన కాసేపటికే సంఘపెద్ద నాగన్న, వెంట ఆదెన్న, పాస్టరు జాకబ్ ఇంటి పంచలోకి వచ్చి చాప మీద కూర్చున్నారు.

ఎందుకొచ్చారో పాస్టరు భార్య అంజలికి తెలుసు. పొయ్యి మీద సంగటి గెలుకుతూనే చెవి ఇటు పెట్టింది.

"మొన్న ఒంటిగా వచ్చి చెప్పినానయ్యా," అన్నాడు నాగన్న. "ఈపొద్దు సాక్షిని తెచ్చుకున్నా. మూడోసారి సంఘం ముందరే. వాక్యం ప్రకారమే పోతాండా."

"సాక్షి అంటే నేనే అమ్మగారూ," అన్నాడు ఆదెన్న వంటింటి వైపు తిరిగి. "సంగటి వాసనకు వచ్చినాననుకునేరు."

"నోరు మూసుకోప్పా," అన్నాడు నాగన్న.

నాగన్నకు అరవై దాటాయి. ఇరవై ఏళ్లుగా సంఘానికి ఆయనే పెద్ద. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఈ ఆదివారం ఆయన లేచి నిలబడితే జాకబ్ పదమూడేళ్ల పరిచర్య అక్కడితో సరి. ఉంటున్న ఇల్లు కూడా సంఘానిదే.

"శనివారం కుందుర్పి బస్టాండులో మీ ఇంట్లోవాడు తాగి కండక్టరు చొక్కా పట్టుకున్నాడు. నలుగురూ చూసినారు. ఇంటిని అదుపులో పెట్టుకోలేనోడు సంఘాన్ని ఎట్ల నడిపిస్తాడు? నేనంటాండే మాట కాదయ్యా ఇది."

"నిజమే," అన్నాడు జాకబ్.

"నిజమే అంటే సరిపాయెనా?"

"చంద్రమోహన్ ఐదు నెలలు ముట్టుకోలేదు నాగన్నా. శనివారం జారినాడు."

"జారేవాణ్ణి పట్టుకుని నడిస్తే మీరూ పడతారు. ఇంకో దారి ఉండాది. వాణ్ణి పంపించేయండి. ఆదివారం నేను నోరెత్తను."

అంజలి చేతిలో తెడ్డు ఆగింది. గడప దాకా వచ్చి నిలబడింది. అనాల్సిన మాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. జాకబ్ ఆమె వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. మాట మింగేసి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

"వాక్యం ఇంటిని అదుపులో పెట్టుకోమనింది," అన్నాడు జాకబ్ మెల్లగా. "గడప బయట పెట్టమనలేదు. వాడు ఈడనే ఉంటాడు. ఆదివారం నేనే చెప్పి దిగిపోతా. మీకు లేసి మాట్లాడే పని ఉండదు."

నాగన్న ఇది అనుకోలేదు.

పెరటి గుమ్మంలోంచి చంద్రమోహన్ వచ్చాడు. ఇరవై ఏడేళ్లవాడు. కంటి కింద వాపు ఇంకా తగ్గలేదు.

"నాయనా, నేనే పోతా," అన్నాడు జాకబ్‌తో. "మడకశిర బస్సు ఉండాది. నువ్వు దిగొద్దు."

ఆ పిలుపుకు నాగన్న మోకాలి మీది చెయ్యి ఒక్కసారి కదిలింది. ఆయన చూపు గోడ మీదే ఉంది.

"యాడికీ పోవు. కాళ్లు కడుక్కోపో," అన్నాడు జాకబ్.

"అయితే తెమిలిపాయె," అని నాగన్న తువ్వాలు దులిపి లేచాడు.

ఆదెన్న కదల్లేదు. "యాడికన్నా? ముద్ద తినొద్దా?"

ఆ సంఘంలో అదొక కట్టుబాటు. గద్దించడానికి పోయిన ఇంట్లో ముద్ద తినకుండా పెద్దలు లేవకూడదు. అదీ తప్పు చేసినవాడితో ఒకే వరుసలో కూర్చుని. కోపం ఎవరూ ఇంటికి మోసుకుపోకూడదని వెనకటి పెద్దలు పెట్టింది.

"నాకు ఆకలి లేదు."

"పోయిన ఏడు నన్ను గద్దించేకి వచ్చి మా ఇంట్లో మూడు ముద్దలు తింటివే. ఆపొద్దు నీ ఆకలి ఎవరన్నా అడిగినారా?"

నాగన్న నిలబడే ఉన్నాడు. అంజలి నాలుగు పళ్లాలు వరుసగా పెట్టింది. జాకబ్, ఆదెన్న కూర్చున్నాక నాగన్న పళ్లెం పక్కదే మిగిలింది. చంద్రమోహన్ దాని దగ్గర ఆగిపోయాడు.

"కూర్చో," అంది అంజలి.

ఎవరితో అన్నదో ఇద్దరికీ తెలియలేదు. ఇద్దరూ కూర్చున్నారు.

జాకబ్ ప్రార్థన ముగించాడు. అంజలి సంగటి ముద్దలు వేసి, ఊరుబిండి పచ్చడి గిన్నె నడుమ పెట్టింది.

"మరి ఆదివారం మాట?" అన్నాడు ఆదెన్న.

"తిననీప్పా," అన్నాడు నాగన్న.

చంద్రమోహన్ ఉత్త ముద్దే తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నాగన్న అటు చూడకుండానే ఊరుబిండి గిన్నెను అతని పళ్లెం దగ్గరికి జరిపాడు.

నాగన్న తాను గడప బయట పెట్టిన ఈ కన్నకొడుకుతో కలిసి తిని పదకొండేళ్లయింది.